పెద్ద తలలవాళ్ళ వీధి ఎవరు ఊడుస్తారు?

మనిషి తరువాత వచ్చే మనిషి గురించి రాసిన కథలంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. చిన్నప్పటి నుంచి కోపం కూడా. రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

మా పేట గ్రంథాలయంలో బెంగాలీ పిల్లల పత్రికలు ఉండేవి. దుర్గా పూజకు వచ్చే లావుపాటి సంచికలో తప్పకుండా ఒక వైజ్ఞానిక కథ పడేది. ఎన్నో లక్షల ఏళ్ళ తరువాత జరిగే కథ. అప్పటికి మనుషులు అంతరించిపోయి ఉంటారు, లేకపోతే అంతరిస్తూ ఉంటారు. వాళ్ళ చోట కొత్త జాతి. పెద్ద తల, సన్నని చేతులు, నోరు తెరవకుండానే ఒకరి మనసు ఒకరికి తెలిసే శక్తి. గాజు మేడలు, వాటి మధ్య తళతళలాడే శుభ్రమైన వీధులు.

నేను ఆ వీధుల దగ్గర ఆగిపోయేదాన్ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి వీధులు ఊడ్చే పనిలో చేరినవాడు. వీధి తనంతట తాను శుభ్రంగా ఉండదని మా ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. ఆ కథలు రాసే పెద్దవాళ్ళకు తెలియదు. కొందరు మాత్రం యంత్రాలు ఊడుస్తాయని ఒక్క ముక్క రాసి తప్పించుకునేవారు. సరే, ఆ యంత్రం పళ్ళలో ఇరుక్కున్న గుడ్డపీలికలు ఎవరు లాగుతారు? వాన పడి కాలువ పొంగితే అందులోకి ఎవరు దిగుతారు? మనసుతో మాట్లాడుకునేవాళ్ళు మనసుతో మురుగు తీస్తారా? ఎన్ని కథలు చదివినా దీనికి జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

మా ఊళ్ళోనే దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో పిల్లల గౌన్లు కుట్టే కార్ఖానాలో చేరాక నా కోపానికి ఇంకో కారణం తోడయింది. ఒక తాను గుడ్డలో ఏ సైజు ముక్కలు ఎన్ని వస్తాయో, వాటిని ఎలా పరిస్తే గుడ్డ వృథా కాదో చూసి చెప్పడం నా పని. నాకెవరూ నేర్పలేదు. పేపరు ముక్కలు కత్తిరించి, నేలమీద పరిచి, చేత్తో లెక్కలు వేసుకుంటూ నేర్చుకున్నాను. ఈ పనిలో మొదట తెలిసేది ఏమిటంటే, పిల్ల పెరిగితే అన్నీ ఒకే కొలతలో పెరగవు. ఏడాది పిల్లకు ఒళ్ళు చిన్నది, తల పెద్దది. ఆ తలకు తగ్గట్టు మెడ తెరవకపోతే గౌను చెవుల దగ్గర ఇరుక్కుంటుంది. పిల్ల ఎదిగేకొద్దీ కాళ్ళూ చేతులూ సాగుతాయి గాని తల అంతగా పెరగదు.

ఈ సంగతి తెలిసిన మీదట ఆ పత్రికల బొమ్మలు మళ్ళీ చూస్తే నాకు ఒళ్ళు మండింది. పెద్ద తల, పెద్ద కళ్ళు, సన్నని చేతులు, ఒంటి మీద వెంట్రుక లేదు, నోట పళ్ళు లేవు. ఇది ఏడాదైనా నిండని పిల్ల కొలత. మన తరువాత వచ్చే గొప్పవాళ్ళను గీయమంటే అందరూ చంటిపిల్లను గీసి పెట్టారు. చంటిపిల్లకు అన్నీ ఎవరో ఒకరు చేయాలి. ఆ ఎవరో ఒకరు బొమ్మలో ఎప్పుడూ ఉండరు.

ఇదంతా నాలో నేను పెట్టుకున్న తగాదా. దీన్ని బయట ఎవరితోనైనా తేల్చుకోవలసి వస్తుందని అనుకోలేదు, మా తెలుగు సంఘంవాళ్ళు ఉగాదికి నాటకం వేసేదాకా.

మా సంఘంలో రెండు రకాలవాళ్ళు ఉంటారు. బదిలీల మీద వచ్చిన బ్యాంకు ఆఫీసర్లు, కాలేజీల్లో చెప్పేవాళ్ళు ఒకరకం. రెండు మూడు తరాల కింద చీపురుకీ రైలు పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాలాంటివాళ్ళు ఇంకో రకం. ఉగాది సభ మాత్రం అందరిదీ. ఈసారి నాటకం రాసిన మేడమ్‌గారు కాలేజీలో జీవశాస్త్రం చెబుతారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడరు. కథ మళ్ళీ అదే. రెండు లక్షల ఏళ్ళ తరువాత కొత్త మనుషులు భూమిని ఏలుతుంటారు, పాత మనుషులలో చివరివాడు ఒకడు వాళ్ళకు దొరుకుతాడు. నేను బట్టల పని తెలిసినదాన్ని కాబట్టి కొత్త మనుషుల గౌన్లు కుట్టే పని నాకు అప్పగించారు. మా అమ్మాయి కాలేజీలో మొదటి ఏడు చదువుతోంది. కొలతల కోసం నాతో వచ్చి కూర్చుంటే, మేడమ్‌గారు దానిచేత రెండు వాక్యాలు చదివించి చూశారు.

"ఈ గొంతు విన్నారా? ఇది నాయకురాలి గొంతు," అన్నారు అందరితో.

కొత్త మనుషుల నాయకురాలి వేషం మా అమ్మాయికి వచ్చింది. మా పేట నుంచి ఆ సంఘం వేదిక మీద మాటలున్న వేషం వేసిన పిల్ల అంతకుముందు లేదు. మా వాళ్ళు గుంపులో నిలబడేవారు, తెర లాగేవారు, కుర్చీలు వేసేవారు. అందుకని అది ఇంట్లో అద్దం ముందు నిలబడి "ఓ ప్రాచీన ప్రాణీ, నీ కాలము ముగిసినది" అని చెబుతుంటే నేను కుట్టుపని ఆపి చూస్తూ ఉండేదాన్ని.

దానికి తెలుగు చదవడం సరిగా రాదు. నేను చదివి చెబితే బెంగాలీ అక్షరాల్లో రాసుకునేది. సంఘంలో ఆఫీసర్ల పిల్లలు అవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. రెండు లక్షల ఏళ్ళ తరువాతి స్వచ్ఛమైన తెలుగు మా పిల్లల దగ్గర ఉన్న తీరు అది. ఆ లెక్కన అందరూ సమానమే అనుకున్నాను.

రెండో ఆదివారం టీ ఇచ్చేవేళకు మా అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చేసరికి సమోసాల పళ్ళెం ఖాళీ అయింది.

"ఏటి, సింగాడాలు అయిపోనాయా? మా అమ్మకి ఒక్కటైనా ఉంచలేదేటి?" అంది.

గదంతా నవ్వింది. ఒక ఆఫీసరుగారి అబ్బాయి "ఏటి ఏటి" అంటూ ఖాళీ పళ్ళెం దాని ముందు తిప్పాడు. అదీ నవ్వింది. మేడమ్‌గారు నవ్వలేదు. ఆమె ముఖంలో వెతుకుతున్న వస్తువు దొరికినప్పటి వెలుగు కనిపించింది.

"ఇంకోసారి అను తల్లీ," అన్నారు.

అది అన్నది.

మరుసటి ఆదివారానికి నాటకం మారింది. నాయకురాలి వేషం హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి వెళ్ళింది. మా అమ్మాయి చివరి పాత మనిషి. నడుము వంగి ఉండాలి, వీపు మీద మూపురంలా దూది మెత్త కట్టాలి, చేతిలో చీపురు, తల గోక్కుంటూ ఉండాలి. కొత్త మనుషులు గ్రాంథికంలో ప్రశ్నలు అడుగుతారు. ఇది ప్రతి జవాబునూ "ఏటి" అని మొదలుపెట్టాలి.

ఇంటికి వచ్చాక మా అమ్మ దాని ముఖం చూసి అడిగింది.

"ఏటే గుంటా, మొకం అలగెట్టుకున్నావు?"

"నన్ను కోతిని చేసీసినారు అమ్మమ్మా."

"కోతేటి?"

"కోతి కాదులే. పాత మనిషి. అందరూ చచ్చిపోగా మిగిలినాది. చీపురు పట్టుకుని ఉంటాది."

"చీపురు పట్టుకుంటే తప్పేటి? మీ తాత పట్టుకోనేదా? ఆ చీపురే నేకపోతే నువ్వు కాలేజీకి ఎల్దువా?"

"తాత పట్టుకుంటే జనం నవ్వీవోరా?"

మా అమ్మ ఏది అడిగినా ఆలోచించే చెబుతుంది.

"నవ్వీవోరు కాదు. సూసీవోరే కాదు," అంది.

నాకు ఆ రోజు వంట మీద చెయ్యి ఆడలేదు. కోపం చీపురు మీద కాదు. ఎన్ని లక్షల ఏళ్ళు ముందుకు పోయినా, ఏ గ్రహం మీదికి పోయినా, కొత్త మనిషి వాళ్ళ ఇంట్లోనే పుడతాడనీ పాతబడిపోయేది మేమేననీ ఎవరూ అడగకుండానే అందరికీ తెలిసిపోవడం మీద. మేడమ్‌గారు చెడ్డ మనసుతో చేయలేదు. చెడ్డ మనసుతో చేసి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. ఆమెకు అది తోచింది, అంతే. నీళ్ళు పల్లానికి పోయినట్టు తోచింది.

నేను ఊరుకోలేదు. గౌన్లు సరిచూసే వంకతో ఆమె ఇంటికి వెళ్ళాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

"మేడమ్‌గారూ, ఒక మాటడగొచ్చా? మీ కొత్త మనుషులు ఎవరి పిల్లలండి?" అన్నాను.

"ఎవరి పిల్లలంటే?"

"ఆకాశం నుంచి ఊడిపడరు కదండి. ఎన్ని లక్షల ఏళ్ళ తరవాత పుట్టినా, ఇప్పుడున్న మనలో ఎవరికో మునిమనవలే కదండి."

"అవును. అంతే కదా."

"అయితే అందరికీ మునిమనవలేనండి. లెక్క చూసుకోండి."

నా లెక్క ఇది. నాకు తల్లీ తండ్రీ ఇద్దరు. వాళ్ళకు మళ్ళీ ఇద్దరిద్దరు, అంటే నలుగురు. తరానికి ఒకసారి రెట్టింపు చేసుకుంటూ వెనక్కి పోతే ముప్ఫై తరాలకు వంద కోట్లు దాటుతుంది. ఆ రోజుల్లో భూమి మీద అంతమంది లేరు. కాబట్టి అందరి పూర్వీకులూ ఒకరిలో ఒకరు కలిసిపోక తప్పదు. ఇదే లెక్క ముందుకు వేస్తే, ఇవాళ వంశం నిలిచినవాళ్ళలో ఎవరిని తీసుకున్నా, చాలా దూరం పోయాక, అప్పటివాళ్ళందరికీ వాళ్ళు ముత్తాతలే. ఆఫీసరుకు వేరే వారసులు, చీపురుకు వేరే వారసులు ఉండరు. ఆ పెద్ద తలలవాళ్ళు మా నాన్నకు కూడా మనవలే. వాళ్ళను చూసి వంగవలసిన అవసరం మా అమ్మాయికి లేదు. ఇదంతా ఆమెకు నా మాటల్లో చెప్పాను.

ఆమె తల ఊపుతూ విన్నారు. తరగతిలో పిల్ల బాగా జవాబు చెప్పినప్పుడు చూసేటట్టు చూశారు.

"లెక్క బాగా వేశారు. కానీ అందులో ఒకటి అనుకుంటున్నారు మీరు. అందరూ అందరితో కలుస్తారని. కలవకపోతే ఈ లెక్క నడవదు."

"కలవకుండా ఎలగుంటారండి?"

"మీ అమ్మాయిని మీరు ఎవరికిస్తారు?"

నేను టీ కప్పు కింద పెట్టాను.

"మీవాళ్ళకే ఇస్తారు కదా. మేమూ అంతే. మావాళ్ళలోనే చూసుకుంటాం. తప్పని అనడం లేదు, జరిగేది అది. ఇలాగే ఎంతోకాలం నడిస్తే, శాస్త్రం ప్రకారం, రెండు గుంపులూ దేనికది వేరుగానే వెళతాయి," అని, టీ చల్లారిపోతోందన్నారు.

ఆమె చెప్పింది నిజమే. నేను గళ్ళ గుడ్డను సాదా గుడ్డలా లెక్కవేశాను. సాదా గుడ్డ మీద ముక్కను ఎటు తిప్పైనా పెట్టుకోవచ్చు, గళ్ళు ఉంటే గీతకు గీత కలవాలి, లెక్క మారిపోతుంది. ఈ దేశంలో గీతలు ఉన్నాయని నాకు తెలియక కాదు. కోపంలో మరిచిపోయాను. లెక్క తప్పినందుకు నేను చిన్నబోలేదు. ఆ మాటను ఆమె అంత నెమ్మదిగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పినందుకు మాత్రం నా చెవులు వేడెక్కాయి.

"మరి ఆ సంగతి నాటకంలో రాయలేదేంటండి? రెండు జాతులూ ఎలా వేరయ్యాయో?" అన్నాను.

"ఇరవై నిమిషాల నాటకం కదండీ. అవన్నీ పెడితే జనం కూర్చోరు."

నేను చదివిన కథల్లో ఒక జాతి రెండుగా చీలాలంటే మధ్యలో సముద్రం రావాలి, లేదా కొండ లేవాలి, లేదా సగంమంది ఓడ ఎక్కి వేరే నక్షత్రానికి పోవాలి. రచయితలు పాపం ఎంతో శ్రమపడి ఆ అడ్డం కల్పిస్తారు. మా దగ్గర ఏ అడ్డమూ లేదు. ఒకే హాల్లో కూర్చుని ఒకే ఉగాది పచ్చడి తింటాం. ఒకే బస్సు ఎక్కి ఇళ్ళకు పోతాం. అయినా చీలిపోయే ఉన్నాం, ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా తెలియనట్టు నాటకం రాశారు. కొత్త మనిషి పుట్టడానికి ఇంకా రెండు లక్షల ఏళ్ళు పడుతుందని ప్రేక్షకులకు చెప్పబోతున్నారు.

బయలుదేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చారు.

"మీకు కష్టంగా ఉంటే అమ్మాయిని మానిపించండి. ఇంకెవరినైనా చూసుకుంటాను. కానీ దాని అంత బాగా ఎవరికీ రాదు," అన్నారు.

ఇంటికి వచ్చి మా అమ్మాయితో చెప్పాను, మానెయ్యమని. అది మంచం మీద కాళ్ళు ముడుచుకుని తన కాగితాలు చూసుకుంటోంది. విసుగొస్తే అమ్మా అనకుండా బెంగాలీలో మా అంటుంది.

"ధుర్ మా, మానేస్తే ఏటవుతాది? వాళ్ళు ఇంకొకరి చేత చేయిస్తారు. ఆ ఆఫీసరుగారి అబ్బాయి చేస్తాడు, పళ్ళెం తిప్పినోడు. ఆడు మనలాగ మాట్లాడతాడు, అందరూ నవ్వుతారు. అది బాగుంటాదా?"

"నువ్వు చేస్తే మాత్రం నవ్వరా?"

"నేను బాగా చేస్తాను. నాకు స్టేజీ ఎక్కాలని ఉంది మా."

సరే అన్నాను. వీపు మెత్త మాత్రం కుట్టనన్నాను. మెత్త లేకపోయినా వంగమంటారని అది అంది. వంగితే వంగు, ఆ వంపు నా సూది చేయదు అన్నాను. చివరి పాత మనిషి బట్టలు చింపిరిగా కుట్టమని చెప్పి పంపారు. నేను ముదురు నీలం చొక్కా, పైజామా కుట్టాను. జేబులు పెట్టాను. భుజాలు దాని కొలతకు సరిగ్గా కుదిరాయి. అతుకులు వేయలేదు. ఎవరైనా అడిగితే చెబుదామని జవాబు తయారు చేసుకున్నాను గాని ఎవరూ అడగలేదు.

ఉగాది సాయంత్రం ముందు వరసల్లో ఆఫీసర్లు, వెనక మా వాళ్ళు. అలా కూర్చోమని ఎవరూ చెప్పరు. తెర లేచింది. నేను కుట్టిన తెల్ల గౌన్లలో, అట్టతో చేసిన పెద్ద తలలు పెట్టుకుని కొత్త మనుషులు నెమ్మదిగా నడిచారు. తలలు బరువై ఒకరిద్దరు చేత్తో పట్టుకున్నారు. తరువాత మా అమ్మాయి చీపురుతో, నడుము వంచి వచ్చింది.

"ఓ ప్రాచీన ప్రాణీ, నీవెవరవు?"

"ఏటి, నాను కనబడ్డం నేదా? అంతేసి కళ్ళెట్టుకుని?"

హాలు విరగబడి నవ్వింది. అది రాసిన మాటలనే అంటోంది. కాని ఎక్కడ ఆగాలో, ఎక్కడ చీపురు ఆపి ఎదుటివాళ్ళను చూడాలో అదంతా దాని సొంతం. నా పక్కన మా అమ్మ కూడా నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా.

"నువ్వెందుకే నవ్వుతన్నావు?" అన్నాను కోపంగా.

"మైకులో మన మాట ఇనబడితే నవ్వు రాదేటి?" అంది.

నాటకంలో చివరికి పాత మనిషి కూలిపోతుంది, నాయకురాలు "ఒక యుగము సమాప్తము" అంటుంది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. మా అమ్మాయి మళ్ళీ వేదిక మీదికి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ కొట్టారు. తెర వెనక్కి వెళ్ళేసరికి అది చెమటతో తడిసి, చొక్కా కాలరు నోట కరుచుకుని నవ్వుతోంది. దాన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. నా కోపమంతా అనవసరమేమో అనిపించింది. ఆ ఒక్క నిమిషం నిజంగానే అనిపించింది.

మేడమ్‌గారు వచ్చి దాన్ని దగ్గరకు తీసుకున్నారు.

"ఎంత సహజంగా చేశావమ్మా. అసలు నటించినట్టే లేదు."

మా అమ్మాయి నవ్వు ముఖం మీద అలాగే ఉంది.

"నటించాను మేడమ్," అంది.

"అదే కదా నేను అంటున్నది. అంత సహజంగా ఉంది."

"ఇంటి దగ్గర నేను వంగి నడవను మేడమ్. తల గోక్కోను."

"అయ్యో, అలా అని కాదు తల్లీ," అని ఆమె దాని భుజం తట్టారు. ఆమెకు ఎక్కడో ఏదో తగిలిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. మాట మార్చేందుకు మంచి కబురు చెప్పారు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళు కూడా ఈ నాటకం చూస్తామంటున్నారట. మళ్ళీ వేద్దామన్నారు.

"నేను రాను మేడమ్."

"ఎందుకమ్మా? నువ్వే కదా దీనికి ప్రాణం."

"ఇన్ని రోజులు నేర్చుకుని చేశాను. నేర్చుకున్నట్టు మీకే తెలీలేదు. ఇంక రెండోసారి చేస్తే మాత్రం ఎవరికి తెలుస్తాది?"

గొంతు పెంచలేదు. చీపురు గోడకు ఆనించి, నా చేతిలోంచి తన బట్టల సంచీ తీసుకుని మార్చుకోవడానికి వెళ్ళింది. మేడమ్‌గారు నా వైపు చూశారు, నేను నేర్పించానేమో అన్నట్టు. నేను నేర్పలేదు. నేను నేర్పాలనుకున్నది తరాల లెక్క. అది పనికి రాలేదు.

వారం తరువాత ఆమె ఫోన్ చేశారు. సంత్రాగాఛి ప్రదర్శనకు ఆ ఆఫీసరుగారి అబ్బాయి పాత మనిషి వేస్తున్నాడట, బట్టలు పంపగలనా అని. తెల్ల గౌన్లన్నీ ఉతికి, ఇస్త్రీ చేయించి పంపాను. నీలం చొక్కా, పైజామా పంపలేదు. ఎందుకని అడిగారు. అవి మా అమ్మాయి కొలతకు కుట్టినవి, ఇంకెవరికీ పట్టవు అని చెప్పాను.

అది అబద్ధం. లోపల కుట్టుకు వదిలిన గుడ్డ చాలానే ఉంది. పక్కలు విప్పి వదులు చేస్తే ఎవరికైనా పడతాయి.